ఆస్మండ్ సమ్మెట దెబ్బ

ఉత్తరాన మంచుపొగలో మునిగిన అడవులు, దక్షిణాన రెండేళ్లుగా నాగలి ఎరుగని పొలాలు, నడుమ గడ్డకట్టిన ముక్కలను మోసుకుంటూ బద్ధకంగా కదిలే ట్రెంట్ నది. ఎడ్రెడ్ మహారాజు కన్నుమూసిన నాటినుండి ఆంగ్ల రాజ్యం ఆ నది దగ్గరే రెండుగా చీలి ఉంది. ఉత్తరం కుమార్తె ఈడిత్‌ది, దక్షిణం మేనల్లుడు రోల్ఫ్‌ది. నది మీది ఒకే ఒక్క వంతెనను కాచే థార్న్‌విక్ కోటలో, రాణి పక్షాన నలభై రోజులుగా ముట్టడిలో ఉన్నవాడు దళపతి ఆస్మండ్.

అతనికి భయం మొదటి వారంలోనే అయిపోయింది, ఆకలి మూడో వారంలో. తన గుర్రాన్ని కోసి వండిన నాడు ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు, రాలేదు. "గుర్రమెక్కితే దానికి ఇష్టమైన చోటికే వెళ్లేవాణ్ణి. కోటలో కూర్చోవడమొక్కటే నాకు వచ్చిన విద్య" అని తన మీద తానే నవ్వుకునేవాడు.

ఆ ఉదయం రోల్ఫ్ మంత్రి మాల్గర్ ద్వారం ముందుకు వచ్చాడు. రాజముద్రను కళ్లారా చూడనిదే కోట అప్పగించరాదన్నది దళపతుల కట్టుబాటు గనుక, పత్రాన్ని బుట్టలో పెట్టి పైకి పంపించాడు.

"దళపతీ! స్వర్గస్థులైన ప్రభువులు అవసానానికి ఏడాది ముందు వ్రాయించిన విభజన శాసనమది. వంతెనయు కోటయు రోల్ఫ్ ప్రభువువే. ద్వారము తెరిచితివా, నీకొక సీమ. మొండికేసితివా, నీకు మామూలు ఉరి కాదు సుమా!"

"ఉరిలో మామూలుదీ పండగదీ అని రకాలుంటాయా, మంత్రివర్యా?" అంటూ ఆస్మండ్ పత్రం మీది లక్క ముద్రను వెలుతురులోకి తిప్పాడు.

ముద్రలో గుర్రం మీద రాజు. గుర్రం మెడకు అడ్డంగా సన్నని గీత.

ఆ గీత తన చేతిదే.

రాజు పోతే, చనిపోయినవాడి పేర ఎవరూ శాసనాలు పుట్టించకుండా, పాడె ఎదుటే ముద్రను సమ్మెటతో పగలగొట్టడం ఆనవాయితీ. ఆ పని ఆస్మండ్‌కు అప్పగించారు. మొదటి దెబ్బకు ముద్ర బీటలువారిందంతే; రెండోది తన బొటనవేలి మీదే పడింది. కొలువంతా దుఃఖం మరిచి నవ్వింది. "మిగిలినది నేను చూచుకొందును" అంటూ ముద్రను చేతికి తీసుకున్నది ఈ మాల్గరే.

ఆ బీటల ముద్రతో మాల్గర్ పుట్టించిన దొంగ శాసనాన్ని నమ్మే సామంతులు రోల్ఫ్ వెంట నడిచారు; ఈ రెండేళ్ల యుద్ధం తన చేతకాని దెబ్బకు పుట్టిందన్నమాట. సిగ్గు కలగాలి. అదీ రాలేదు.

అరిచి చెబితే ఎవరూ నమ్మరు. పత్రం పట్టుకుని చిన్న వాకిలి తీసి ఒక్కడే బయటికి నడిచి, ముట్టడి వేసిన రోల్ఫ్ సామంతులలో పెద్దవాడైన హ్యూగో దగ్గరికి వెళ్లాడు.

"హ్యూగో ప్రభూ, ఆనాడు అందరికంటే గట్టిగా నవ్వింది మీరే. గుర్తుందా?" అని ఆనాడు వంకరపోయిన బొటనవేలు చూపాడు.

"మరిచేదేముందయ్యా! ఇంటికి పోయి కూడా నవ్వాను."

"అయితే ఆ దెబ్బకు పడిన బీట, అంతకు ఏడాది ముందటి శాసనం మీదికి ఎట్లా వచ్చిందో చూడండి."

మాల్గర్ చెయ్యి ఎత్తాడు. ఎక్కడినుండో బాణం వచ్చి ఆస్మండ్ పక్కటెముకల్లో దిగింది. అతను కూర్చుండిపోయాడే గాని పత్రం వదలలేదు. హ్యూగో లక్కను చూశాడు, వేలిని చూశాడు. ఖడ్గం దూసి మంత్రి వైపు తిరిగాడు.

పొద్దు వాలే వేళకు సామంతులు మాల్గర్‌ను బంధించి, రోల్ఫ్‌ను ఒంటరిని చేసి, ఉత్తర గట్టున ఆగిపోయిన ఈడిత్ రాణికి వంతెన విడిచిపెట్టారు. ద్వారం దగ్గర నెత్తురోడుతూ ఒరిగి ఉన్న ఆస్మండ్ ముందు ఆమె మోకరిల్లి, అతను దళపతిగా ప్రమాణం చేసిన నాటి రీతిగా అతని చేతులను తన చేతుల మధ్య పట్టుకుంది.

"ఏమి కావాలో కోరండి, దళపతీ."

"సమ్మెట ఇప్పించండమ్మా."

మంత్రి పెట్టెలోని ముద్రను తెచ్చి రాతి మీద పెట్టారు. ఆస్మండ్ కొట్టాడు. ముద్ర రెండు ముక్కలైంది.

ఈసారి దెబ్బ వేలికి తగల్లేదు. తగిలినా అతనికి తెలిసేది కాదు.