ఏడో నంబరు సీసా

"సైన్యం కోసం తయారైన మందు నమూనా. మీ ల్యాబ్ ఫ్రిజ్‌లోని ఏడో నంబరు సీసా. శుక్రవారం మూడింటి రైల్లో ఊరు దాటబోతోంది. దాటకూడదు." ఫోన్‌లో చీఫ్ అంతే చెప్పి పెట్టేశాడు.

శుక్రవారం వచ్చింది. టోర్వాల్డ్ రీడింగ్ గాజు కుప్పెలు కడుగుతూనే ఉన్నాడు. యాభై ఆరేళ్ల గూఢచారి. స్వీడన్‌లోని ఆ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఎనిమిది నెలలుగా అటెండరు వేషం. ఇన్నాళ్లలో శత్రువు అతని జోలికి రాలేదు కానీ, విద్యార్థులు మాత్రం వదల్లేదు. బూట్లలో డ్రై ఐస్ నింపారు. కాఫీలో నీలం రంగు కలిపారు. కుర్చీని నేలకు అతికించారు. దానికి తోడు నడుము నొప్పి.

అతనెవరో అక్కడ ఒక్కరికే తెలుసు. వియన్నా నుంచి వచ్చిన డాక్టర్ లియోనీ హార్టల్. అవతలి ముఠాలో ఉంటూ ఇవతలికి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే ఆ పూటకి నడుము గుర్తుకొచ్చేది కాదు.

రెండున్నరకు ఆమె కోటూ గ్లోవ్సూ వేసుకుని వచ్చింది.

"సీసా పోయింది. బిర్గర్ తీశాడు, ఆ స్టూడెంటు. స్టేషన్‌కి పోతున్నాడు, పరిగెత్తండి!"

"ఫ్రిజ్ మీరే చూశారా?"

"నేను దాని దరిదాపులకే పోలేదు."

టోర్వాల్డ్ గుమ్మం దాటేలోపు ఇల్వా అడ్డొచ్చింది. రెండో ఏడాది పిల్ల. బిక్కమొహం వేసుకుంది.

"బాబాయ్, తిట్టకు. పొద్దున ఫ్రిజ్ పిడికి సిల్వర్ నైట్రేట్ పూశా. నీకోసమే. ముట్టుకుంటే కొన్ని గంటల్లోనే వేళ్లు నల్లబడతాయి, వారం దాకా ఆ మరక వదలదు. అంటుకుందా?"

నడుము పట్టేసి అతను ఆ రోజు ఫ్రిజ్ వైపే పోలేదు.

"బిర్గర్ ఎక్కడ?"

"మెస్‌లో చేప తింటున్నాడు. వాడి చేతులు శుభ్రంగానే ఉన్నాయి, చూశా."

లియోనీ అప్పటికే మెట్లు దిగిపోయింది. టోర్వాల్డ్ పరిగెత్తాడు. టాక్సీ తలుపు మూతపడబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"గ్లోవ్స్ తీయండి, డాక్టర్."

"నన్నే అనుమానిస్తున్నారా, టోర్వాల్డ్?"

"అనుమానించాలని లేదు. తీయండి."

మూడు వేళ్లు బొగ్గులా ఉన్నాయి. సీసా లిప్‌స్టిక్ గొట్టంలో దొరికింది. ఆమె నవ్వింది. ఈసారి నడుము గుర్తుంది.

ఫ్రిజ్ పిడికి సిల్వర్ నైట్రేట్ పూసినవాళ్లను వెళ్లగొడతానని ప్రొఫెసర్ ఎగిరాడు. ఇల్వా నోరు తెరిచేలోపే టోర్వాల్డ్ ఆ పని తానే చేశానని సంతకం పెట్టేశాడు.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ఎలా ఉన్నారు?"

"ఉద్యోగం పోయింది సార్."

"ఏ ఉద్యోగం?"

"కుప్పెలు కడిగేది. ఇన్నేళ్లలో సరిగ్గా చేసింది అదొక్కటే."