కుర్చీ జరిపిన ఉదయం

ఉదయం ఎనిమిదింటికి నాన్న తన కూతురు పిచ్చుక మంచి కంటికి పట్టీ అంటించాడు. బలహీనమైన కన్ను రోజూ గంటసేపు పనిచేయాలని డాక్టరమ్మ ఆజ్ఞ. ఆ కంటి వెనక పొరలో రక్తనాళాలు పుట్టుకతోనే చిక్కుపడ్డాయి. చాలా అరుదట. ఇప్పుడా చిక్కు వల్ల కంట్లో ఒత్తిడి పెరిగి గ్లాకోమా వచ్చింది. చుక్కల మందుకు లొంగలేదు.

"ఆపరేషన్ చేస్తే ఉన్న చూపైనా నిలుస్తుంది. పోయింది తిరిగి రాదు," అందావిడ. ఇంట్లో ఒప్పుకున్నది అమ్మ ఒక్కతే.

పిచ్చుక మంచం దిగి, బల్ల పక్కగా వెళ్ళి, కుర్చీని తప్పించుకుని వంటింటి గుమ్మం చేరింది. నాన్న, నాయనమ్మ చప్పట్లు కొట్టారు.

"చూపు లేకపోతే ఆరేళ్ళ పిల్ల ఇలా నడుస్తుందా? ఆసుపత్రిలో బెదిరిపోయి చెప్పదంతే," అన్నాడు నాన్న. అతను బస్సుల మెకానిక్. తిరిగే ఇంజన్ని విప్పకూడదన్నది అతని సిద్ధాంతం.

ఆపరేషన్ గొడవతో మూడు వారాలుగా అత్తాకోడళ్ళకు మాటల్లేవు. ఉప్పు డబ్బా కూడా నాన్న చేతుల మీదుగానే ప్రయాణిస్తోంది. పైగా అత్తగారి ఇంట్లో ఏ వస్తువూ అంగుళం కదలదు. చెప్పులు సైతం క్రమశిక్షణతో నిలబడతాయి.

పిల్ల వెనక్కి బయల్దేరేలోపు అమ్మ చప్పుడు కాకుండా కుర్చీని రెండడుగులు జరిపింది.

పిచ్చుక నేరుగా వెళ్ళి దానికి కొట్టుకుంది. మోకాలు పట్టుకుంటూనే, కుర్చీ మీద ఆరేసిన నాయనమ్మ చీరను తడిమింది.

"సారీ నాయనమ్మా! నువ్వున్నావని తెలీలేదు."

నాయనమ్మ గదికి అవతలి మూల నిలబడి ఉంది.

"బుద్ధుందా నీకు?" నాన్న అమ్మ మీద విరుచుకుపడ్డాడు. "పిల్లకి దెబ్బ తగిలితే?"

"తగిలింది. తగిలితేగానీ నమ్మరుగా మీరు!" అంది అమ్మ.

నాయనమ్మ మనవరాలి ముందు చతికిలబడింది. "కనపడట్లేదా తల్లీ? మరి రోజూ ఎలా నడుస్తున్నావే?"

"లెక్కపెట్టుకుంటా. బల్లకి తొమ్మిది అడుగులు, తర్వాత నాలుగు."

"చెప్పొచ్చుగా!"

"చెబితే మళ్ళీ పోట్లాడుకుంటారు." పిచ్చుక తల వంచుకుంది. "పట్టీ వేశాక నువ్వూ అమ్మా అసలు మాట్లాడుకోరు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నట్టుంటుంది."

నాన్న కళ్ళు తుడుచుకుని, డాక్టరమ్మకు ఫోన్ చేయడానికి వరండాలోకి నడిచాడు.

నాయనమ్మ గొంతు సవరించుకుంది. "ఏమ్మాయ్, నిన్నటి నీ టీ కషాయంలా ఉంది."

"రెండుసార్లు తాగారుగా అత్తయ్యా."

"పారబోస్తానా మరి?"

పిచ్చుక మొహం ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతోంది. ఎవరెక్కడున్నారో ఇప్పుడు తనకి తెలుస్తోంది.