పిఠాపురం దంపతుల స్టీరింగ్ వణుకు

ఉదయం పదిన్నరకల్లా నూకరత్నం నలభై మూడు సున్నాల మీద వేలిముద్ర వేసేసింది. కత్తిపూడి కూడలి దగ్గరున్న ఆమె షెడ్డులోకి డ్రైవరు అక్కర్లేని బండ్లు, స్వచాలులు, వాటంతటవే వరసగా వస్తాయి. వేదిక మీద రెండు క్షణాలు నిలబడతాయి. కింద అమర్చిన చక్రనాడి వాటి నాలుగు చక్రాలనూ చదివి, గోడమీది పలకపై ‘కంపం: సున్నా’ అని చూపిస్తుంది. ఆ సున్నా నిజమేనని ఒక మనిషి సాక్ష్యం చెప్పాలన్న వాక్యం చట్టంలో ఎలాగో మిగిలిపోయింది. ఆ వాక్యం పుణ్యమా అని నూకరత్నానికి ఉద్యోగం మిగిలింది.

అమ్మమ్మ పేరు పెట్టుకున్న ఈ నూకరత్నం ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పేరుమోసిన చక్రాల మేస్త్రి. స్టీరింగ్ మీద రెండు వేళ్లు ఆనించి, ఏ చక్రంలో ఎన్ని గ్రాముల తేడా ఉందో చెప్పేది. కంపహారి వచ్చాక ఆ విద్య అటకెక్కింది. ప్రతి చక్రం ఇరుసులోనూ కూర్చునే ఈ పరికరం, వణుకు పుట్టీ పుట్టకముందే దానికి సరిగ్గా ఎదురు వణుకు పుట్టించి రెండింటినీ చల్లార్చేస్తుంది. దానికి తోడు బండి తన దారి తానే చూసుకోవడం నేర్చింది, ఆ తర్వాత స్టీరింగే పోయింది. ఇప్పుడు స్వచాలిలో మనుషులు ఎదురెదురుగా కూర్చుంటారు. నిండా నీళ్లు పోసిన గ్లాసు చేత్తో పట్టుకుని విశాఖపట్నం దాకా వెళ్లినా చుక్క ఒలకదని ప్రకటనల్లో చెబుతారు. అలా గ్లాసు పట్టుకుని ఎవరు వెళ్తారో మాత్రం చెప్పరు.

నలభై నాలుగో స్వచాలిలోంచి ఒకావిడ దిగింది. అది వింతే. ఆ షెడ్డులో ఎవరూ దిగరు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, భుజాన సంచి, ముక్కు మీద కళ్లజోడు. పేరు ప్రత్యూష అని, పిఠాపురంలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యానని చెప్పుకుంది. తర్వాత కాసేపు తటపటాయించి అసలు సంగతి అడిగింది.

“దీనికి కాస్త వణుకు పెట్టగలరా అండీ?”

ముప్ఫై అయిదేళ్ల వృత్తిలో వణుకు తీసెయ్యమన్నవాళ్లే తప్ప పెట్టమన్నవాళ్లు నూకరత్నానికి తగల్లేదు. ఆవిడకి కుర్చీ వేసి, తాపీగా చెప్పమంది.

ప్రత్యూష భర్త వీరబాబు రొయ్యల చెరువుల మనిషి. ఇరవై రెండేళ్లపాటు ప్రతి ఆదివారం ఆయన పాత కారు నడుపుతుంటే ఇద్దరూ పిఠాపురం నుంచి తునిలో ఉన్న ఆమె అక్కగారింటికి వెళ్లేవారు. కత్తిపూడిలో పెద్దరోడ్డు ఎక్కి డెబ్భై దాటేసరికి కారు వణికేది. ముందు చక్రాలదే దోషమని ఆయన, కాదు వెనక చక్రాలదని ఈవిడ. తుని దాకా తగువు. అక్కగారింట్లో భోజనానికి విరామం. తిరుగు ప్రయాణంలో మళ్లీ అక్కణ్నుంచే అందుకునేవారు. ఆ తగువు సందుల్లోనే కొడుకు చదువు, ఇంటి పైకప్పు, చెరువుకి పట్టిన తెగులు, అన్నీ మాట్లాడేసుకునేవారు. ఎనిమిది నెలల కిందట స్వచాలి కొన్నారు. మొదటి ఆదివారం వీరబాబు ఆమెకి ఎదురుగా కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. నలభై నిమిషాల తర్వాత “వచ్చేసింది” అన్నాడు. అప్పట్నుంచి ఇంట్లో కూడా ఆయన మాటలు వారం వారం తగ్గిపోతూ వచ్చాయి.

“నిన్న లెక్కపెట్టానండి,” అంది ప్రత్యూష. “పొద్దుట్నుంచీ రాత్రిదాకా నాలుగు మాటలు. అందులో రెండు కుక్కతో.”

ఆసుపత్రికి తీసుకెళ్లి, మనసుని చదివే మనోనాడి పట్టించిందట. అక్కడ కూడా దోషం సున్నా అనే వచ్చిందట. ఆ మాట చెబుతున్నప్పుడు నవ్వుతూనే కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆయన ఇక ఎప్పటికీ ఇలాగే ఉండిపోతారేమోనని భయమేస్తోందని చెప్పింది.

నూకరత్నానికి ఆవిణ్ని చూస్తే జాలేసింది. కానీ స్వచాలికి వణుకు పెట్టడం ఎవరి తరమూ కాదు. చక్రానికి ఇటుకరాయి కట్టినా కంపహారి మింగేస్తుంది. పాత కారు ఏం చేశారని అడిగింది. ఆయనకి అమ్మబుద్ధి కాక చెరువు గట్టున పాకలో పట్టా కప్పి ఉంచారని, అప్పుడప్పుడూ వెళ్లి చూసి వస్తారని ప్రత్యూష చెప్పింది. షెడ్డు వెనక పాత హైవే ముక్క రెండు కిలోమీటర్లు మిగిలి ఉంది. చేత్తో నడిపే బండ్లకి దానిమీద ఇంకా అనుమతి ఉంది.

“కారుని తీసుకురండి. దాంతోపాటు ఆయన్నీ తీసుకురండి,” అంది నూకరత్నం.

గురువారం నాడు లారీ మీద కారు వచ్చింది, వెనకే స్వచాలిలో దంపతులు వచ్చారు. వీరబాబు పొడుగాటి మనిషి. నమస్కారానికి నమస్కారం పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

నూకరత్నం ముందుగా జాకీ మీద కారు ఎత్తింది. ఒక్కో చక్రాన్నీ పైనా కిందా పట్టుకుని ఊపి చూసింది, ఆ తర్వాత పక్కలకి పట్టుకుని ఊపింది. ఎక్కడా లూజు లేదు. బోల్టులు బిగువుగానే ఉన్నాయి. అంటే ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కాదు. అప్పుడు తన పాత పద్ధతిలో ప్రశ్నలు మొదలుపెట్టింది. బ్రేకు వేసినప్పుడు వణికేదా అంటే వీరబాబు తల అడ్డంగా ఊపాడు. ఎంత స్పీడులో అంటే ఏడు వేళ్లు చూపించాడు. బండి పక్కకి లాగేదా అంటే మళ్లీ తల అడ్డంగా ఊపాడు.

“మరి ఏం చేయించేవారండి?”

ఈ ప్రశ్నకి తల ఊపితే కుదరదు. వీరబాబు గొంతు సవరించుకున్నాడు. “అలైన్‌మెంట్.”

“ఎన్నిసార్లు?”

“పదకొండు.”

నూకరత్నం ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. అలైన్‌మెంట్ చేయించేది బండి పక్కకి లాగితే. వణుకుతున్న బండికి అలైన్‌మెంట్ చేయించడమంటే కడుపునొప్పికి కళ్లజోడు మార్చుకున్నట్టేనని చెప్పింది. వీరబాబు ముఖం కందగడ్డయింది.

“ముందు చక్రాలదేనండి తేడా,” అన్నాడు. “ఇరవై రెండేళ్లు పట్టుకున్నాను స్టీరింగు. నా చేతులకి తెలవదా?”

“వెనక చక్రాలదండి,” అంది ప్రత్యూష, నెమ్మదిగానే. “నా నడుముకి తెలవదా?”

“నీ నడుముకేం తెలుస్తాది? నువ్వు అన్నవరం రాకుండానే నిద్రోయేదానివి.”

ఆ వాక్యం విని ప్రత్యూష కోప్పడలేదు. వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకుని, నూకరత్నం వైపు చూసి చిన్నగా నవ్వింది. వీరబాబు ఇంకా ఆగలేదు. ఏ సంవత్సరం ఏ మెకానిక్ ఏమన్నాడో వరసగా చెప్పుకొస్తున్నాడు.

వాళ్లిద్దర్నీ అలా వదిలేసి నూకరత్నం చక్రాలు విప్పింది. మూల దుమ్ము పట్టి ఉన్న బ్యాలెన్సింగ్ మిషన్ మీద ఒక్కొక్కటే ఎక్కించి తిప్పింది. ఎడమ ముందు చక్రానికి ముప్ఫై గ్రాములు తక్కువ. కుడి వెనక చక్రం రిమ్ము ఒకచోట సన్నగా వంగి ఉంది. ముందు చక్రం వణుకు స్టీరింగ్‌లోంచి చేతులకి ఎక్కుతుంది. వెనక చక్రం వణుకు సీటులోంచి నడుముకి తగులుతుంది. ఆయన ఏనాడూ పక్క సీట్లో కూర్చోలేదు, ఆవిడ ఆ కారు స్టీరింగ్ పట్టుకోలేదు. ఇరవై రెండేళ్లూ ఇద్దరూ నిజమే చెప్పారు.

నూకరత్నం సొరుగులోంచి ముప్ఫై గ్రాముల సీసం బిళ్ల తీసి, దాన్ని చేతిలో పట్టుకుని ఆగిపోయింది. ఇప్పుడు వెళ్లి చెబితే ఇద్దరూ గెలుస్తారు. ఇద్దరూ గెలిచేస్తే, ఆదివారం నాడు తుని దాకా ఏం మాట్లాడుకుంటారు? మేస్త్రి అన్నాక దోషం దాచకూడదు. కానీ ఈ దోషాన్ని తాను చెప్పేకన్నా వాళ్లే పట్టుకుంటే బాగుంటుందనిపించింది. బిళ్లని పిడికిట్లోనే ఉంచుకుని, చక్రాలు ఎలా ఉన్నవి అలాగే బిగించేసింది.

“సీట్లు మారి ఒకసారి తిప్పి రండి,” అంది.

ప్రత్యూష పెళ్లికి ముందు వాళ్ల నాన్నగారి వ్యాను నడిపిన మనిషే. పెళ్లయ్యాక పక్క సీటు ఆవిడది అయిపోయింది, అలా అని ఎవరూ అనకపోయినా. మొదట్లో కారు రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కదిలింది. వీరబాబు పైన పిడి పట్టుకుని, ముందుకు చూస్తూ బిగుసుకుని కూర్చున్నాడు.

ఇరవై నిమిషాలకి తిరిగొచ్చారు. ఈలోగా సాక్షి లేక షెడ్డు ముందు తొమ్మిది స్వచాలులు వరసకట్టాయి. కారు ఆగీ ఆగకముందే వీరబాబు దిగి, నడుము మీద చెయ్యి వేసుకుని వచ్చాడు. ముఖంలో ఎన్నడూ లేని ఆశ్చర్యం.

“వెనక చక్రమేనండి,” అన్నాడు. “కుడివైపు. ఇన్నేళ్లూ ఈవిడ చెబుతానే ఉంది, నేనే చెవిన పెట్టలేదు.”

ప్రత్యూష ఇంకా స్టీరింగ్ వదల్లేదు. కిటికీలోంచి తల బయటపెట్టింది. “కాదండీ, ముందుదే. నా చేతులు చూడండి, ఇంకా జివ్వుమంటన్నాయి. పాపం ఆయన చెప్పిందే నిజం.”

“ముందుది ఎక్కడ? కూర్చున్నవాణ్ని నాకు తెలవదా?”

“పట్టుకున్నదాన్ని నాకు తెలవదా?”

ఒకరి వాదన ఒకరు ఎత్తుకుని ఇద్దరూ మళ్లీ మొదటికొచ్చారు. ఈసారి ఆయన ఆవిడ నడుము తరఫున, ఆవిడ ఆయన చేతుల తరఫున. అలా ఎంతదాకా వెళ్లేదో గానీ, చివరికి వీరబాబు తీర్పు నూకరత్నాన్నే చెప్పమన్నాడు.

“ఒక్కసారికి తేలదండి,” అంది నూకరత్నం. “వచ్చే ఆదివారం మళ్లీ రండి.”

“ఆదివారం దాకా ఎందుకండి?” అంటూ ఆయన అప్పటికే పక్క సీటు ఎక్కేస్తున్నాడు. “ఈసారి తొంభై పోనియ్యి, ప్రత్యూషా.”

“తొంభైలో వణుకు తగ్గిపోద్దని మీరేగా చెప్పేవారు.”

కారు మళ్లీ పాత హైవే ఎక్కింది. నూకరత్నం సీసం బిళ్లని సొరుగులో పడేసి వేదిక దగ్గరికొచ్చింది. వరసలో మొదటి స్వచాలి కింద చక్రనాడి ఒకసారి మెరిసి, పలక మీద సున్నా చూపించింది. వెనక రోడ్డు మీంచి ఇద్దరి గొంతులూ ఒకేసారి వినిపిస్తున్నాయి. అవి వినిపించినంతసేపూ ఆమె వేలిముద్ర వెయ్యకుండా అలాగే కూర్చుంది.