మెలకువదారు

గుట్టకిందపల్లిలో తెల్లవారితే కోడి కూయదు. కూసే కోడికి మేత దండగ, మేపే మనిషికి నీళ్ళు దండగ అని ఊరు ఊరంతా పడుకుని ఉంది. పడుకోవడమంటే భోంచేసి తీసే కునుకు కాదు. ఏళ్ళ తరబడి పడక. ఇంటికొక్కరు మాత్రం మేలుకుని ఉంటారు. సర్కారు వాళ్ళ భాషలో ఆ ఒక్కరి పేరు మెలకువదారు. వెనకటికి ఇంటింటికీ హక్కుదారులుండేవాళ్ళు, వాటాదారులుండేవాళ్ళు. హక్కులూ వాటాలూ బావులతోపాటే ఎండిపోయాక ఇంట్లో మిగిలింది మెలకువ ఒక్కటే. దానికీ ఒక దారుణ్ణి కట్టబెట్టారు.

తిప్పేస్వామి తన ఇంటి మెలకువదారు. పొద్దున్నే లేచి, పలకరించేవాళ్ళు లేని ఇంట్లో నలుగురినీ పలకరిస్తాడు. వరుసగా నాలుగు పెట్టెలు. వాటిలో నాయన, అమ్మ, వదిన, అన్న ఓబులేసు. అద్దం మూతల మీద పడిన దుమ్ము తుడిచి, తోటలోకి పోయి చీనీ చెట్లను, అంటే బత్తాయిలను, కూడా ఒకటొకటిగా పలకరిస్తాడు. పెట్టెల్లో వాళ్ళకంటే చెట్లే నయం. గాలి వీస్తే ఒకటో రెండో తలైనా ఊపుతాయి.

ఆ పెట్టెకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు శీతనిద్ర పేటిక. హైబర్నేషన్ పాడ్ అని కూడా అంటారు. ఊళ్ళో వాళ్ళకు పెట్టె చాలు. ఒంట్లో జీవక్రియను, అంటే మెటబాలిజాన్ని, అది దీపం వత్తి తగ్గించినట్టు తగ్గిస్తుంది. గుండె ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు ఒకసారి కొట్టుకుంటుంది. ఒక మనిషి ఏడాదంతా బతకడానికి బిందెడు నీళ్ళు చాలు. వయసు కూడా బయటే చెప్పులు విడిచి కూర్చుంటుంది, లోపలికి రాదు. వెనకటి కరువుల్లో పశువులకు గడ్డి శిబిరాలు పెట్టేవాళ్ళు. ఈ కరువు రావడం తెలిసి పోవడం తెలియని చుట్టం కావడంతో మనుషులకే నిద్ర శిబిరం ఇంటింటికీ తెచ్చి దించారు. అలా రైతుల ఇళ్ళలో పెట్టుబడి పోయి పెట్టెబడి వచ్చింది.

ఏడాదికొకరు వంతు వేసుకుని మేలుకోవాలని ఏర్పాటు. మొదటి వంతు తిప్పేస్వామి తీసుకున్నాడు. తీసుకున్నాడనడం మర్యాద. "నీకు పెండ్లామా పిల్లలా, ఒక్క ఏడాదే కదరా" అని ఇంటిల్లిపాదీ అనేసి పెట్టెల్లోకి ఎక్కేశారు. ఆ తర్వాత అన్న వంతు రావాలి. ఆ తర్వాత వదిన వంతు. ఇప్పుడు తిప్పేస్వామి తల సగం తెల్లబడింది. అన్న మీసం మాత్రం పెట్టెలో నల్లగా నిగనిగలాడుతోంది. చూస్తుండగానే తమ్ముడు అన్నకు అన్నయ్యాడు. వంతు మాత్రం మారలేదు.

ఎందుకు మారలేదంటే పలక ఒప్పుకోలేదు. ప్రతి పెట్టెకూ తల దగ్గర అరచేతి వెడల్పున ఒక గాజు బిళ్ళ ఉంటుంది. అదే మేలుకొలుపు పలక. పేరుకు పలకే గాని అది పలకదు. పలికేది జోల, పెట్టెలను చూసుకునే యంత్రం గొంతు. మెలకువదారు పలక మీద చెయ్యి ఆనిస్తే, వేళయితే మూత తెరుచుకుంటుంది. కాకపోతే జోల చెబుతుంది. ఉగాది ఉగాదికీ తిప్పేస్వామి స్నానం చేసి, అన్న పెట్టె పలక మీద చెయ్యి పెట్టాడు. ఉగాది ఉగాదికీ జోల ఒకే పచ్చడి వడ్డించింది.

"ఇంకా వేళ కాలేదండి. దయచేసి వేచి ఉండండి."

వేళ ఎలా తెలుస్తుందో ఊళ్ళో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ చెప్పేవారు. మబ్బులను చూసి లెక్కగడుతుందని ఒకడు. లోపలి మనిషికి ఒళ్ళు బద్ధకమైతే అదే ఇంకొంచెంసేపు అంటుందని ఇంకొకడు. తిప్పేస్వామికి ఈ రెండోది నచ్చింది. అన్నకు చిన్నప్పటి నుంచీ పొద్దెక్కేదాకా పడుకునే అలవాటుంది మరి.

పడుకున్నవాళ్ళకు ఏ చప్పుడూ వినబడదని తెలిసినా మెలకువదారులు గుసగుసలాడటం అలవాటు చేసుకున్నారు. నిద్రపోయే ఇంట్లో గట్టిగా మాట్లాడితే ఏదో తప్పు చేసినట్టుండేది. క్రమంగా దూరంగా ఉన్నవాణ్ణి పిలవడం మానేశారు. తర్వాత దగ్గరున్నవాణ్ణి పిలవడం కూడా మానేశారు. తిప్పేస్వామికి తన గొంతు ఎలా ఉండేదో తనకే గుర్తు లేదు.

ఆ దారిన గొంతున్న మనిషి ఒక్కతే వచ్చేది. నీళ్ళ ట్యాంకరు నడిపే గంగరత్న.

"తిప్పేసామీ! ఓ తిప్పేసామీ! చెవుల్లో కూడా డ్రిప్పు పైపులు పెట్టుకున్యావా?"

"మెల్లగా," అంటూ తిప్పేస్వామి తోటలోంచి పరుగెత్తుకొచ్చాడు. "పడుకోనుండారు."

"బాంబు పేల్చినా లేయరు వాళ్ళు. నీ గొంతుకేమి, తడారిందా? ట్యాంకరు నిండా తెచ్చినా గదా, తాగు."

ఆమె గొట్టం తగిలించి, తొట్టిలోకి నీళ్ళు వదిలి, నడుం మీద చేతులు పెట్టుకుని తోటకేసి చూసింది. చెట్లు చాలావరకు మోడులు. కొమ్మలు కొట్టేస్తే వేరు బతుకుతుందని తిప్పేస్వామి తనే కొట్టాడు. మొదళ్ళలో వేరుశనగ పొట్టు పరిచి, చెమ్మ ఆరిపోకుండా కాపాడుతున్నాడు. ప్రతి చెట్టుకూ ఒక సన్నటి గొట్టం, గొట్టానికి బొట్టు, బొట్టుకూ బొట్టుకూ మధ్య ఒక నిట్టూర్పు.

"ఇదే కడపటి ట్రిప్పు," అంది గంగరత్న. "రేపట్నుంచి ఈ దోవన ఇంగొకడొస్తాడు. నేను నిజాంపట్నం పోతాండా. సముద్రపు నీళ్ళు తీపి చేసే ఫ్యాక్టరీ. పైపుల పని తెలిసినోడు కావల్లంటే నీ పేరు చెప్పినా. సంచి సర్దినావా?"

సంచి ఎప్పుడో సర్దాడు. గూట్లో ఉంది. సర్ది ఎన్నాళ్ళయిందంటే, అందులో ఒక బల్లి కాపురం పెట్టి, పిల్లల్ని పెంచి, ఆ పిల్లలకు వేరు కాపురాలు కూడా పెట్టించింది.

సముద్రాన్ని తిప్పేస్వామి ఎన్నడూ చూడలేదు. బతుకంతా నీళ్ళను చెంబుతో, బిందెతో, బొట్టుతో కొలిచినవాడు. కొలవక్కర్లేని నీళ్ళ ఒడ్డున, గట్టిగా నవ్వే ఈ మనిషి పక్కన, ఊరికే కాసేపు నిలబడాలని అతని కోరిక. అంతకంటే పెద్ద కోరికేదీ అతనికి లేదు. అంత చిన్న కోరికకు ఇంత పెద్ద ఇల్లు అడ్డం.

"అన్న లేయల్ల గదా, రత్నా. తోట ఎవురు చూస్తారు? ఇంట్లో వీళ్ళనెవురు చూస్తారు? పలక ఒప్పుకోల్యా."

"పోయిన తూరి ఇదే చెప్తివి. అంతకు ముందు తూరీ ఇదే చెప్తివి."

"నేనేం చేసేది? నా చేతిలో ఏముంది?"

"ఏముందో చూస్తాం పా," అని గంగరత్న చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

తిప్పేస్వామి చెయ్యి కడుక్కుని, పంచెకు తుడుచుకుని పలక మీద పెట్టాడు. లోపల అన్న, చిన్నగా తెరిచిన నోటితో, ఏదో చెప్పబోయి మరిచిపోయినవాడిలా పడుకుని ఉన్నాడు. పలక ఎర్రగా మినుకుమంది.

"ఇంకా వేళ కాలేదండి. దయచేసి వేచి ఉండండి."

"చూస్తివా?" అన్నాడు తిప్పేస్వామి. ఆ మాటలో ఉండాల్సిన బాధ కంటే కొంచెం ఎక్కువ స్థిమితం ఉంది. అది అతనికి తెలియలేదు. గంగరత్నకు తెలిసిందో లేదో, ఆమె అతని చేతిని పక్కకు తోసి, దుమ్ము కొట్టుకున్న తన చెయ్యి పలక మీద పెట్టింది.

పలక పచ్చగా వెలిగింది. పెట్టెలోంచి చల్లటి ఆవిరి బుస్సుమంది. మూత లేచింది.

బయట తొట్టిలో నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

"జోలా," అన్నాడు తిప్పేస్వామి. "ఇన్నేండ్లు నేను పెడితే వేళ కాలేదంటివే?"

"అవునండి. కాలేదు."

"ఈయమ్మ పెడితే ఎట్లయింది?"

"ఇక్కడ వేళంటే కాలం కాదండి. లేపే చేతిలోని కోరిక. ఒంటరితనం భరించలేక మెలకువదారులు కరువు నడుమనే అందరినీ లేపేస్తారని నన్ను తయారుచేసిన శాస్త్రజ్ఞులు భయపడ్డారు. అందుకని పలకలో స్పర్శగ్రాహకం, స్కిన్ సెన్సర్, పెట్టారు. అది చేతి చెమటనూ నాడినీ నరాల వణుకునూ చదువుతుంది. లేపాలన్న కోరిక నిలకడగా ఉంటే తెరుస్తుంది. ఎవరి చెయ్యైనా సరే. కోరిక తడబడితే ఆపుతుంది."

"అంటే నాకు కోరిక లేదంటావా?"

"ఉందండి. చెయ్యి పెట్టేటప్పుడు ఉంటుంది. పెట్టాక, మూత నిజంగానే తెరుచుకుంటుందేమోనన్న భయం దానికంటే పెద్దదవుతుంది."

"ఒక్క మాట ముందే చెప్పొచ్చు గదా!"

"మీరు ప్రతిసారీ ఎప్పుడని అడిగారండి. ఎందుకని ఎప్పుడూ అడగలేదు."

గంగరత్న అతనివైపు చూడలేదు. గూట్లో సంచిని చూసింది. సంచి మీద తీరిగ్గా కూర్చున్న బల్లిని చూసింది.

ఓబులేసు దగ్గాడు. కళ్ళు తెరిచి, తన మీదికి వంగిన తెల్లజుట్టు మనిషిని చూసి, లేవబోయాడు.

"నాయనా! పొద్దెక్కిందేమి? తిప్పడు యాడ?"

"నేనేన్నా."

ఓబులేసు చెయ్యి చాచి తమ్ముడి జుట్టు తడిమాడు. పిండి అంటుకుందేమో అన్నట్టు వేళ్ళు చూసుకున్నాడు. ఏమీ అంటలేదు.

"ఏమిరా ఇది? ఏడాదికే గదా నా వంతు? నన్నెందుకు లేపల్యా?"

తిప్పేస్వామి నోరు తెరిచాడు. ఇన్నేళ్ళుగా అన్న లేవడం లేదని తను ఎవరెవరికి చెప్పుకున్నాడో, చెప్పుకుని ఎంత జాలి కూడబెట్టుకున్నాడో అంతా ఆ తెరిచిన నోట్లో అడ్డం పడింది.

"పలక చెడిపోయిండె లేన్నా," అంది గంగరత్న. "దుమ్ము పట్టింటే ఇప్పుడే తుడిచినా. పాపం, ఆయప్ప ప్రతి ఉగాదికీ లేపల్లనే చూసినాడు."

ఓబులేసు ఆమెనూ, తమ్ముణ్ణీ, గూట్లో సంచినీ వరుసగా చూశాడు. నిద్ర ముఖమే గాని నిద్ర బుర్ర కాదు.

"అయితే ఇంగ నువ్వు పోరా," అన్నాడు. "నా వంతు నాది. నాలుగేండ్లు గానీ పదేండ్లు గానీ నేను చూసుకుంటా. నీ బతుకు నువ్వు చూసుకో." అని, తడబడే కాళ్ళను నేల మీద ఆనించి, గోడ పట్టుకుని, ముఖం కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వెళ్ళాడు.

అడ్డం ఏదీ మిగల్లేదు. తిప్పేస్వామి ఇల్లంతా కళ్ళతో వెతికాడు. ఒక్క అడ్డమైనా దొరక్కపోతుందా అని.

"రత్నా, అన్నకు వాల్వులు తెలీవు. మూల చెట్టుకు ఇప్పుడే చిగురు పడతాంది. ఒక్క వారం. కాదంటే ఈ ఎండాకాలం పోనీ. నువ్వు ముందు పోతాండు, నేను ఎనకాలే..."

గంగరత్న గట్టిగా మాట్లాడే మనిషి. ఆ ఒక్క మాట మాత్రం ఆ ఇంటి అలవాటు ప్రకారం మెల్లగా అంది.

"ఆ పెట్టె ఖాళీ అయింది సూడు, తిప్పేసామీ. నీ కొలతకు సరిపోతాది."

బయటికి వెళ్ళి గొట్టం విప్పి చుట్టుకుంది. బ్యాటరీ ట్యాంకరు కదిలితే చప్పుడు రాదు. గుమ్మంలోంచి వెలుతురులో కొంచెం దుమ్ము లేవడం మాత్రం కనబడింది.

తిప్పేస్వామి అన్న పెట్టె అంచున కూర్చున్నాడు. లోపల పరుపులో మనిషి ఆకారంలో గుంట ఉంది. చెయ్యి పెట్టి చూశాడు. మెత్తగా ఉంది. పడుకుంటే చాలు. ఎందుకు వెళ్ళలేదని ఎవరూ అడగరు. అతనికి మెలకువ ఎక్కువై, మెలకువలు తక్కువయ్యాయి. ఇప్పుడు కాసేపు అటుది ఇటైతే తప్పేమిటి?

"జోలా, నేను పడుకుంటే నన్నెవురు లేపల్ల?"

"మీరు లేవాలని నిలకడగా కోరుకునే చెయ్యి. ఎవరిదైనా సరేనండి."

అన్నను తలుచుకున్నాడు. అన్న మంచివాడే. తను మాత్రం చెడ్డవాడా? మంచితనాన్ని పలక చదవదు. రేపు ఈ నిశ్శబ్దం అన్నకూ అలవాటవుతుంది. తమ్ముడు లేవడం లేదని అన్నా ఎవరికో చెబుతాడు, గుసగుసగా. అమ్మ చేతిని తలుచుకున్నాడు. అమ్మ చెయ్యి పెట్టెలో ఉంది. తను లేవాలని నిలకడగా కోరే చెయ్యి ఈ భూమి మీద ఒక్కటే. దుమ్ముతోనే అది తన కళ్ళ ముందే పలకను పచ్చగా వెలిగించింది. ఇప్పుడది ట్యాంకరు స్టీరింగు మీద, సముద్రం దారిలో పోతోంది.

ఖాళీ పెట్టె మీద మూత దించాడు. సంచి తీసి గట్టిగా దులిపాడు. బల్లి ఎగిరి గోడెక్కింది.

తోటలో ఓబులేసు, మోడుల మధ్య, ఏ చెట్టు ఏదో గుర్తుపట్టలేక నిలబడి ఉన్నాడు. తమ్ముడు చెప్పుల్లేకుండా పరుగెత్తడం చూసి "యాడికిరా?" అని కేకేశాడు. తిప్పేస్వామి ఇంకా వేగంగా పరుగెత్తాడు. ఆగితే ఆగిపోతానని తెలుసు.

వాగు వంక దాటి, ఎండిన కాలవ గట్టు మీద, దూరంగా దుమ్ము కదులుతోంది. అతను గట్టెక్కి "రత్నా!" అన్నాడు. గుసగుస వచ్చింది. మళ్ళీ అన్నాడు. బొంగురు వచ్చింది. గుండె నిండా గాలి పీల్చి, ఏళ్ళ తరబడి వాడని గొంతును బావిలోంచి బొక్కెన లాగినట్టు లాగి, ఊరంతా ఉలిక్కిపడి లేచేంత గట్టిగా అరిచాడు.

ఊళ్ళో ఎవరూ లేవలేదు.

దుమ్ము ఆగలేదు. ఈసారి అతనూ ఆగలేదు.