సోమప్ప చల్లిన పొలి

కర్ణాటక సరిహద్దుకు ఆనుకున్న ఆ ఊళ్లో జాతర సాయంత్రం పొలి చల్లేది సోమప్పే. నెత్తురు కలిపిన అన్నం గంపకెత్తుకుని ఊరి చుట్టూ చల్లుకుంటూ రావాలి. చల్లినంత మేరా ఊరు. ఆ హద్దు లోపలికి ఏ గాలీ ధూళీ రాకూడదు.

ఊరు పుట్టిన కథ చెప్పుకునేంత గొప్పదేం కాదులెండి. కరువుకు కన్నడ సీమ నుంచి పారిపోయొచ్చిన మొదటివాళ్లు ఇక్కడ గుడిసెలేసుకున్నారు. వెనకొచ్చిన చుట్టాలకు మాయదారి జ్వరం కనిపించేసరికి, అడ్డంగా పొలి చల్లి దాటొద్దన్నారు. పాపం, దాటలేదు. అక్కడి బీట్లోనే పడి చచ్చారు.

బీడుకు అవతల ఇప్పుడు కొత్త కాలనీ లేచింది. సోమప్ప ఇల్లు అందులోనే. కూతురు అరుణకుమారి కాన్పుకొచ్చి ఉంది. నెలలు నిండాయి. ముందు ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. కన్నకడుపు ఊరుకుంటుందా?

"ఈతూరి నా ఇల్లు గూడ లోపలికి కలుపుతానప్పా," అన్నాడు.

కొమ్ము ఊదే ముసలి శేషప్ప అదిరిపడ్డాడు. "వద్దురా! పెద్దోళ్లు యాడ సల్లినారో ఆడే సల్లు."

"వాళ్లకేం, వాళ్ల బిడ్డలు లోపలే ఉన్నారు."

శేషప్ప పాత హద్దు దగ్గరే ఆగిపోయాడు. సోమప్ప ఒక్కడే బీడు చుట్టి, కాలనీ చుట్టి, "పొలో... పొలి..." అని అరుస్తూ చల్లాడు. పొద్దు గూకుతోంది. వెనక్కి చూడకూడదు. చూడలేదు. కానీ బీట్లో ఎండుగడ్డి నలుగుతున్న చప్పుడు... ఒకరి అడుగులు కావవి. జ్వరపు చెమట కంపు. చెవి పక్కనే ఎవరో కన్నడంలో గొణిగారు.

"ఒళగ కర్కొండ్రు..."

లోపలికి చేర్చుకున్నారట!

అప్పుడు తట్టింది సోమప్పకు. ఇంటితోపాటు బీడునూ కలిపేశాడు. మళ్లీ అడ్డంగా చల్లడానికి గంపలో మెతుకు మిగల్లేదు.

ఓరి దేవుడా అనుకుంటూ పరుగెత్తాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. అరుణ గడపలో కూర్చుని ఉంది.

"తల్లీ... ఎవరన్నా వచ్చినారా?"

"మెల్లగ మాట్లాడు నాయనా. ఎవరో ఆడోళ్లు వచ్చినారు. మనోళ్లేనంట. లోపల కూసున్నారు."

"లెయ్యమ్మా. ఊళ్లోకి పోదాం... పద."

"యాడికి?" నవ్వింది అరుణ. "బిడ్డను ఈడ ఇడిసిపెట్టా?"

లోపలి చీకట్లో పసిబిడ్డ కేరుమంది.

అరుణ కడుపు ఇంకా నిండుగానే ఉంది.