ఖాళీ కుర్చీలు ఊ కొట్టాయి

గూఢచారి గద్దకు శత్రుదేశాలు చాలానే ఉన్నాయి. కానీ అతన్ని నిండా ముంచింది మాత్రం నెమలి ఒక్కతే. ముందు ఏజెన్సీలో జోడీ, ఆ తర్వాత పెళ్ళాం. ఒకరోజు ఇంటి స్థలం కాగితాల మీద అతని చేత సంతకం పెట్టించుకుంది, ఏజెన్సీ రహస్యాలు సంచిలో వేసుకుంది, అవతలి ముఠాలో చేరిపోయింది. ఆ కాగితాలు అతను చదవలేదు. పెళ్ళాం ఇచ్చిన కాగితం ఎవడు చదువుతాడు?

అందుకే బాస్ ఆమె ఫోటో టేబుల్ మీద పడేయగానే గద్ద దాన్ని బోర్లా తిప్పాడు.

"ఇది కాపురం గొడవ కాదు, మిషన్," అని బాస్ దాన్ని మళ్ళీ వెల్లకిలా తిప్పాడు.

బ్రీఫింగ్ చిన్నదే. దేశంలోని డ్యాం గేట్లన్నీ 'ఉలి' అనే ప్రోగ్రామింగ్ భాషతో నడుస్తాయి. అందులో ఫైళ్ళు రెండు రకాలు. మనుషులు రాసేది ఒకటి, మెషీన్ నడిపేది ఒకటి. నెట్‌లో తిరిగే ప్రతి ఫైలు నెత్తినా ఒక చీటీ ఉంటుంది, దాన్ని మీడియా టైప్ అంటారు. చీటీ మీద 'టెక్స్ట్' అని ఉంటే కాపలా సాఫ్ట్‌వేర్ దారి వదిలేస్తుంది. 'అప్లికేషన్' అని ఉంటే నిలబెట్టి సోదా చేస్తుంది. ఉలి ఫైళ్ళకు ఏ చీటీ అంటించాలో డాక్యుమెంట్ చేయడానికి ఇన్నాళ్ళూ అందరూ బద్ధకించారు. చివరికి ముఠా ఆ పని చేసింది. రెండు రకాలకూ 'టెక్స్ట్' అని డ్రాఫ్టు రాసిపెట్టింది.

"ఇవాళ నెట్ రూల్స్ ఖాయం చేసే కమిటీ దాన్ని స్టాండర్డ్ చేస్తే, వాళ్ళ కోడ్ సోదా లేకుండా లోపలికొస్తుంది. డ్యాం గేట్లన్నీ ఒక్కసారే లేస్తాయి. కింద ఊళ్ళున్నాయి. అడ్డు చెప్పబోయిన ఇంజినీరు మొన్న లిఫ్ట్‌లో శవమై దొరికాడు."

ఓటింగ్ ఎప్పుడని గద్ద అడిగాడు. ఓటింగ్ లేదన్నాడు బాస్. ఆ కమిటీలో చేతులెత్తరట. పెదవులు మూసుకుని ఊ కొడతారట. మోత ఎటు ఎక్కువైతే అదే ఖాయం. ఎవరు ఎటువైపో బయటపడదు, మొహమాటం ఉండదు. బాగా చదువుకున్నవాళ్ళు పెట్టుకున్న పద్ధతి. గద్దకు చదువుకున్నవాళ్ళంటే మొదటి నుంచీ ఒళ్ళు మంట.

పెట్టుడు గడ్డం, కోటు గుండీలో మైకు. కమిటీ హాలు సగం ఖాళీ. వెనక వరసలో జారిన కండువా తీసుకుంటున్నట్టు వంగి చూశాడు. ఖాళీ కుర్చీల కింద, ఒక్కటీ వదలకుండా, అరచేతంత స్పీకర్లు బిగించి ఉన్నాయి. అర్థమైంది. అందరూ ఊ కొడుతున్నప్పుడు వాటి గొంతూ కలిసిపోతుంది. అన్నిటినీ పీకే టైము లేదు. రిమోట్ ఎవరి దగ్గరుంది?

పక్క కుర్చీలో సెంటు వాసన వచ్చి కూర్చుంది.

"అతికించుకున్న గడ్డం కూడా నీతో ఉండనంటోంది," అంది నెమలి. "ఎడమ వైపు ఊడుతోంది చూసుకో."

"నీ అంత తొందరగా పోదులే."

ఆమె నవ్వి హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. అతని స్థలం కాగితాలు సగం పైకి లాగి చూపించింది. ఎప్పుడో పోయిందనుకున్న స్థలం, మళ్ళీ అతని పేరు మీదే. ఆమె సంతకం తడి కూడా ఆరలేదు.

"నువ్వు చేయాల్సింది ఏమీ లేదు. నాతో కాపురంలో చేశావే, అదే చెయ్యి. నోరు మూసుకుని కూర్చో."

గద్ద కాగితాలు చూడటం లేదు. తెరిచిన బ్యాగులోకి చూస్తున్నాడు. అందులో ఎర్రటి లిప్‌స్టిక్ ఉంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి పూసుకుని, పెదవులు వాచి, వారం రోజులు గంజి తాగిన మనిషి. ఆమెకు లిప్‌స్టిక్ పడదు. ఆ సంగతి ముఠాకు తెలియదు. మొగుడికి తెలుసు.

వేదిక మీద అధ్యక్షురాలు, వద్దనేవాళ్ళు ఊ కొట్టండి అంది. నీరసంగా కాస్త మోత వచ్చింది. ఇక కావాలనేవాళ్ళ వంతు. ఆవిడ గొంతు తడుపుకోవడానికి నీళ్ళ గ్లాసు అందుకుంది. హాలంతా నిశ్శబ్దం.

గద్ద చెయ్యి బ్యాగులోకి పోయింది. నెమలి గోళ్ళు అతని మణికట్టులో దిగాయి. అతను లిప్‌స్టిక్ అడుగు నొక్కేశాడు.

ఊఁ...

ఒక్క మనిషి పెదవీ కదల్లేదు. వెనక ఖాళీ కుర్చీలు వరసలు వరసలుగా ఊ కొట్టాయి. ఊపిరి కూడా తీసుకోకుండా కొట్టాయి. అధ్యక్షురాలు గ్లాసు దించి, చాలాసేపు ఆ కుర్చీల వైపే చూసింది. తర్వాత డ్రాఫ్టును రెండుగా చింపింది.

"ఏసీ ఎక్కువైంది," అన్నాడు గద్ద గుండీతో. అది కోడ్ వర్డ్. తలుపులు మూసుకున్నాయి, ఏజెన్సీ మనుషులు లోపలికొచ్చారు.

బేడీలు పడుతుంటే నెమలి అతని వైపు వంగింది. "కాగితాలు తీసుకున్నావా?"

తీసుకోలేదు. అవి బ్యాగులోనే ఉండిపోయాయి. బ్యాగు సాక్ష్యం కింద పోయింది. రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి స్థలం ఇంకా ఆమెదే. దేశద్రోహి ఆస్తి కాబట్టి జప్తు.

సాయంత్రం బాస్ భుజం తట్టి, శభాష్ అన్నాడు. ఆ స్థలం ఆఫీసు జీపులు పెట్టుకోవడానికి బ్రహ్మాండంగా సరిపోతుందని కూడా అన్నాడు.

నూట ఎనభై ఏడు గజాలు. కార్నర్ బిట్టు.