ఏం లోడు?

పెంచలకృష్ణ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వరండాలో కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా లారీ స్టీరింగు పట్టిన మనిషి. విడవలూరు నుంచి ఇటు మద్రాసు, అటు కలకత్తా దాకా ఆయన టీ తాగని డాబా లేదు. ఆ మధ్య మోకాళ్ళు మొరాయిస్తే, ఇక చాలని తాళంచెవి ఓనరు చేతిలో పెట్టి ఇల్లు చేరాడు. చేరాడే గానీ, ఇంట్లో ఆయనకు పనేమిటో ఎవరికీ తెలియదు. ఆయనకు అసలే తెలియదు.

పంపు చెడిపోతే ఎవర్ని పిలవాలో భార్య విజయకుమారికే తెలుసు. కొడుకు కిషోర్ ఏం చెప్పాలన్నా "అమ్మా" అనే మొదలుపెడతాడు. పాపం, వాళ్ళ తప్పేం లేదు. నెలకు నాలుగు రోజులు కనబడే మనిషి కోసం ఏ ఇల్లూ ఆగదు. ఆ సంగతి పెంచలకృష్ణకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపులో మంట ఆరుతుందా?

అందుకే మద్రాసు దారిలో తడ అనే ఊళ్ళో లారీల యార్డు నడిపే గిరిబాబు ఫోన్ చేసి, "నువ్వొచ్చి నా డ్రైవర్లను చూసుకో అన్నా, గది ఇస్తా, ఇక్కడే ఉండిపో" అంటే సరేనన్నాడు. ఇంట్లో చెప్పినప్పుడు మాత్రం, వద్దంటుందేమోనని భార్య ముఖం వైపు చూశాడు. ఆమె వద్దనలేదు. బట్టలు ఉతికి, మడతలు పెట్టి సంచీలో సర్దింది. ఆ సంచీ ఇప్పుడు ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. వద్దనని పెళ్ళాన్ని ఏమని తిట్టాలో తెలియక మనిషి నాలుగు రోజులుగా ఉడికిపోతున్నాడు.

కోడలు రేవతి కాఫీ తెచ్చి ఇచ్చింది. మొన్న వేసవిలో ఈ ఇంటికి వచ్చిన పిల్ల. ఇంటి కట్లూబాట్లూ ఇంకా పూర్తిగా తెలియవు.

"మళ్ళీ ఎప్పుడొస్తారు మామయ్యా?" అని మామూలుగా అడిగింది.

వంటింట్లో గిన్నె దబ్బున కింద పడింది. "ఏందా మాట? నోరు మూసుకోని లోపలికి రా" అని విజయకుమారి కసిరింది. కోడల్ని ఏనాడూ పల్లెత్తు మాట అనని మనిషి ఆమె. రేవతికి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

పెంచలకృష్ణ గ్లాసు పక్కన పెట్టేసి లేచాడు. నాలుగు రోజుల ఉడుకూ ఒక్కసారి పొంగింది.

"ఆ బిడ్డను ఎందుకు కసురుతా ఉండావు? ఈ ఇంట్లో అదొక్కతే అడిగింది నన్ను. ఇన్నేళ్ళలో నువ్వు ఒక్కసారన్నా అడిగినావా, ఎప్పుడొస్తావని? నేను గడప దాటేటప్పుడల్లా ఏం లోడు, ఏం లోడు అని అడిగేదానివి. నీకు బాడుగ ఎంతొస్తాదో కావాల. మనిషి వస్తాడో రాడో నీకెందుకు?"

విజయకుమారి చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. గొంతు పెంచలేదు. పెంచి మాట్లాడే అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

"ఒకసారి అడిగినా. నీకే గుర్తులేదు" అంది. "పెళ్ళైన కొత్తలో, ఇదే గడపలో నిలబడి అడిగినా. ఆ ట్రిప్పులోనే గూడూరు దాటినాక నీ బండి బోల్తా పడింది. మీ అమ్మ ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకోని, పొయ్యేవాణ్ణి ఎప్పుడొస్తావని అడిగితే ఇట్టనే అయితాదే అనింది. ఇంక ఈ జన్మలో అడగకూడదు అనుకున్నా."

పెంచలకృష్ణ గడప దాటి హాల్లోకి వచ్చాడు.

"ముందు టైరు పేలి గదే బండి పడింది. అరిగిపోయిన టైరుతో తోలించినాడు ఆ ఓనరు. నీ మాటకు టైరు పేలతాదా?"

"టైర్ల సంగతి నాకేం తెలుసు? నువ్వు కుంటుకుంటా ఇంటికొచ్చినావు. నాకు తెలిసింది అదే."

ఆ తరువాత ఆమె చెప్పినదంతా ఆయన నిలబడే విన్నాడు. బియ్యం బస్తాలంటే మద్రాసు, రేపు కాకపోతే ఎల్లుండి వచ్చేస్తాడు. కర్ర అయితే రాజమండ్రి దిక్కు కాగితం మిల్లు, అక్కడ వరసలో ఆగాలి, ఇంకొంచెం ఆలస్యం. చేపలైతే కలకత్తా. ఐసు కరిగేలోగా పరుగున చేరినా, తిరుగు లోడు దొరికేదాకా అక్కడే పడి ఉండాలి. తోటి డ్రైవర్ల ఇళ్ళకు పోయి, ఆడవాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్న లెక్క అది. లోడు పేరు వినగానే వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకునేది. లెక్క దాటిపోయిన రోజున ఆమెకు ముద్ద దిగేది కాదు. బాడుగ ఎంతో మాత్రం ఏనాడూ అడగలేదు. ఇప్పటికీ తెలియదు.

"ప్రతిసారీ నేను అడిగింది అదేనయ్యా. దేవుడికి వినపడకుండా అడిగినా" అంది. "ఇవాళ సంచీ తీసుకోని బస్సెక్కతా ఉండావు. లోడు లేదు. నేను ఏమని అడిగేది?"

అంతవరకూ గట్టిగా నిలబడ్డ మనిషి, ఆ ఒక్క మాట దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇందాక తిట్లు తిన్న రేవతే వచ్చి అత్త భుజం పట్టుకుంది. పెంచలకృష్ణకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. తన కోసం వేళ్ళు అరిగేలా లెక్కపెట్టిన మనిషిని పట్టుకుని బాడుగ కోసం అడిగావన్నాడు. ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది?

ముఖం తుడుచుకుని, వరండాలోకి పోయి చెప్పులు తొడుక్కున్నాడు. సంచీ భుజానికి తగిలించి గడప అవతల నిలబడ్డాడు.

"ఇప్పుడడుగు విజయా. లోడు ఊసెత్తకుండా అడుగు."

ఆమె అడ్డంగా తలూపింది. బస్సుకేమన్నా అయితే అని గొణిగింది.

"టైర్లు చూసుకోని ఎక్కుతాలే. అడుగు."

విజయకుమారి ద్వారబంధం పట్టుకుంది. రెండుసార్లు నోరు తెరిచి మూసింది. మూడోసారి కళ్ళు గట్టిగా మూసుకుని, భయం భయంగా, కొత్త పెళ్ళికూతురు అడిగినట్టు అడిగింది.

"ఎప్పుడొస్తావయ్యా?"

"పోతే గదా వచ్చేది" అని పెంచలకృష్ణ చెప్పులు విప్పి, సంచీ ఆమె చేతికిచ్చాడు.